మాంటె బెల్లో 2005: ఏడుగురం కలిసి కొన్న బాటిల్ ఎలా తెరవాలి, ఎలా పంచుకోవాలి?

స్టీవెన్స్‌క్రీక్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఒక బాటిల్ విషయంలో మీ సలహా కావాలి. కాస్త వివరంగా రాస్తాను.

2008లో మేం ఏడుగురు స్నేహితులం తలా కొంత వేసుకుని రిడ్జ్ అనే వైనరీ వాళ్ల మాంటె బెల్లో 2005 (ఆ ఏడాది ద్రాక్షతో చేసిన రెడ్ వైన్) కొన్నాం. అప్పటికి అందరం హెచ్1బీ మీద ఉన్నవాళ్లమే. కూపర్టినో, సన్నీవేల్ అపార్ట్‌మెంట్లలో ఇద్దరు ముగ్గురు చొప్పున సర్దుకుని ఉండేవాళ్లం. మాలో ఎవరు మొదట ఇండియాకి తిరిగి వెళ్లిపోతే ఆ రోజు దీన్ని తెరవాలని అనుకున్నాం. ఆ మాట ఎవ్వరూ మర్చిపోలేదు. ఇప్పుడు మావాడొకడు నిజంగానే వెళ్తున్నాడు. ఒంగోల్లో అమ్మానాన్నల దగ్గర ఉండాలని నిర్ణయించుకున్నాడు. పిల్లల స్కూలు అయిపోగానే, జూన్‌లో ప్రయాణం.

బాటిల్ మొదట్లో కొన్నాళ్లు అపార్ట్‌మెంట్ క్లోజెట్‌లో ఉంది. ఆ తర్వాత నుంచీ మా ఇంట్లో వైన్ ఫ్రిజ్‌లో, 13 డిగ్రీల దగ్గర, పడుకోబెట్టే ఉంది.

నా సందేహాలివి. ఇన్నేళ్ల తర్వాత ఇంకా బాగుంటుందా? ఎలా తెరవాలి, ఎంతసేపు ముందు తెరవాలి? తిండి ఏం పెట్టాలి? ఇక అసలు విషయం. ఏడుగురిలో వైన్ మీద ఇష్టం ఉన్నది నాకూ ఇంకొకరికీ మాత్రమే. మిగతావాళ్లది బీరు, విస్కీ. ఒకతను మందు పూర్తిగా మానేశాడు. ఇంకొకతను డాలస్‌లో ఉన్నాడు, మేం అనుకున్న తేదీకి రాలేనంటున్నాడు. ఎవరికీ తక్కువ చేసినట్టు ఉండకూడదు. అదే నా టెన్షన్.

గోదారిగట్టు

స్టీవెన్స్‌క్రీక్ గారూ, మొదటి ప్రశ్నకి మీరు దిగులుపడక్కర్లేదు. అలా దాచిన మాంటె బెల్లోకి ఇరవై ఏళ్లు పెద్ద వయసేమీ కాదు. ఎందుకో చెప్తాను, ఆ రోజు మీ వాళ్లకి చెప్పుకోవడానికీ పనికొస్తుంది.

ఆ తోట మీ నెత్తిమీదే ఉంది. స్టీవెన్స్ క్రీక్ రిజర్వాయర్ పక్కగా వెళ్లి మాంటె బెల్లో రోడ్డు ఎక్కితే మెలికలు తిరుగుతూ కొండమీదికి చేరుస్తుంది. తోటలు సుమారు 1300 అడుగుల నుంచి 2700 అడుగుల ఎత్తు వరకూ ఉన్నాయి. పసిఫిక్ సముద్రం అక్కడికి పదిహేను మైళ్లే. కాబర్నే సావిన్యోన్ అనే నల్లద్రాక్షకి పేరున్న నాపా లోయ కంటే ఇక్కడ చల్లదనం ఎక్కువ. పండు నిదానంగా పక్వానికి వస్తుంది, పులుపు పోదు, ఆల్కహాల్ 13 శాతం చుట్టుపక్కలే ఉంటుంది. నేల అడుగున సున్నపురాయి ఉంది, కాలిఫోర్నియా ద్రాక్షతోటల్లో ఇది అరుదు. వైన్ ఏళ్ల తరబడి నిలవాలంటే లోపల పులుపు ఉండాలి, వగరు ఉండాలి. ఈ కొండ ఆ రెండూ ఇస్తుంది.

1880ల్లో ఒసియా పెరోన్ అనే శాన్‌ఫ్రాన్సిస్కో డాక్టరు ఆ వాలుని మెట్లుగా చెక్కించి తోట వేశాడు, అక్కడి సున్నపురాయితోనే వైనరీ కట్టించాడు. 1959లో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే నలుగురు కుటుంబాలతో సహా ఆ కొండమీద స్థలం కొన్నారు. వారమంతా ల్యాబ్‌లో ఉద్యోగం, వారాంతంలో తోట పని. 1962 నుంచి రిడ్జ్ పేరుతో అధికారికంగా వైన్ చేయడం మొదలైంది. 1969లో పాల్ డ్రేపర్ వచ్చి చేరాడు, ఆయన చేతిమీదుగా నలభై ఏళ్లకి పైగా నడిచింది. మీ 2005 ఆయన కాలంలోదే. సిలికాన్ వ్యాలీ ఇంజనీర్లు ఏడుగురు కలిసి కొనడానికి ఇంతకంటే తగిన బాటిల్ ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ఇంకొకటి. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే వైన్ వ్యాపారి పెట్టిన పోటీ గురించి వినే ఉంటారు. ఫ్రెంచ్ జడ్జీలు పేర్లు చూడకుండా రుచి చూసి కాలిఫోర్నియా వైన్లకి మొదటి స్థానాలు ఇచ్చారు. రెడ్ వైన్లలో స్టాగ్స్ లీప్ 1973 గెలిచింది, మాంటె బెల్లో 1971 ఐదో స్థానంలో ఆగింది. సరిగ్గా ముప్పై ఏళ్లకి, 2006లో, అవే రెడ్ వైన్లని నాపాలోనూ లండన్‌లోనూ మళ్లీ రుచి చూశారు. ఆ రోజు మాంటె బెల్లో 1971 మొదటి స్థానంలో నిలిచింది. అప్పటికి దాని వయసు 35 ఏళ్లు.

డికాంటర్

గోదారిగట్టు గారి మాటతో ఏకీభవిస్తాను. బాటిల్ బాగానే ఉంటుంది. అయితే ఎవరూ అనని మాట నేను అంటాను.

750 మిల్లీలీటర్లు ఏడుగురికి పంచితే తలకి వంద చిల్లర. అడుగున మడ్డి వదిలేస్తే సరిగ్గా వంద కూడా రాదు. అందులో నలుగురు విస్కీ మనుషులు. వైన్ గ్లాసులో పోశాక కనీసం గంటసేపు మారుతూ ఉంటుంది. మొదటి గుక్కకీ చివరి గుక్కకీ మధ్య ఏం జరిగిందో గమనించేవాడికే ఆ ఇరవై ఏళ్ల నిరీక్షణ దక్కుతుంది. రెండు గుక్కల్లో గ్లాసు ఖాళీ చేసి 'బాగుంది మామా' అనేవాళ్లకి మాంటె బెల్లో పోయడం ఆ వైన్‌కి న్యాయం కాదు. ఇష్టం ఉన్న ఇద్దరు కూర్చుని తెరవండి. అందరి కోసం వేరే మంచి బాటిళ్లు రెండు మూడు తీసుకోండి. నేను ఎవరినీ చిన్నచూపు చూసి అనడం లేదు. వైన్ మీద ప్రేమతో అంటున్నాను.

పెన్నాతీరం

డికాంటర్ గారూ, ఆ బాటిల్ ఆయన ఒక్కరిదీ కాదు. ఏడుగురు డబ్బులు వేసుకున్నారు. ఇద్దరు తెరిచేస్తే మిగతా ఐదుగురికి ఏం చెప్తారు?

ఇంకో సంగతి. మనవాళ్లకి ముక్కు లేదని ఎందుకనుకుంటారు? అన్నం ఉడికే వాసన బట్టి పాత బియ్యమో కొత్త బియ్యమో చెప్పే మనుషుల మధ్య పెరిగాం మనం. వైన్ పదాలు రాకపోతే రుచి తెలియనట్టు కాదు. మా ఇంట్లో ఒకసారి పాత బరోలో (నెబ్బియోలో ద్రాక్షతో చేసే ఇటలీ రెడ్ వైన్) తెరిచాం. వైన్ ఎప్పుడూ తాగని మా చిన్నత్తగారు వాసన చూసి 'ఎండిన గులాబీ రేకులు' అంది. నెబ్బియోలో ద్రాక్ష గురించి రాసేవాళ్లందరూ మొదట చెప్పేది అదే వాసన. ఆవిడకి ఎవరూ ముందు చెప్పలేదు.

స్టీవెన్స్‌క్రీక్ గారూ, నేను చెప్పేదల్లా క్రమం గురించే. ఆ రోజు ఈ బాటిలే మొదట పోయండి. విస్కీ ఒక రౌండ్ అయ్యాక నాలుక మొద్దుబారుతుంది, అప్పుడు ఏం పోసినా ఒకటే. బీరు బాటిళ్లు, విస్కీ కళ్లకి కనిపించకుండా లోపల పెట్టండి. ఇది అయ్యాక ఎవరికి ఇష్టమైంది వాళ్లు తీసుకుంటారు. అలాగే 'ఏం వాసన వస్తోంది చెప్పరా' అని ఒక్కొక్కరినీ పరీక్ష పెట్టకండి. గ్లాసు చేతికిచ్చి మాట్లాడుకోనివ్వండి. చెప్పాలనిపించినవాళ్లు వాళ్లే చెప్తారు.

పాలకొల్లు

నేను ఈ వేదికలో తిండి చర్చలకే వస్తుంటాను, మందు మానేసి చాలా ఏళ్లయింది. మీ స్నేహితుల్లో మానేసినతని వైపు నుంచి రెండు మాటలు చెప్పాలనిపించింది.

ఆయన ముందు కూడా అదే గ్లాసు పెట్టండి. అందరితో పాటు బాటిల్ చూస్తాడు, బిరడా చూస్తాడు, వాసన చూడాలనిపిస్తే పక్కవాళ్ల గ్లాసు తీసుకుంటాడు. 'ఇవాళ ఒక్క సిప్ వేయరా, ఇన్నేళ్ల బాటిల్' అని మాత్రం ఎవరూ అనకూడదు. మీరు ముందుగానే మిగతావాళ్లకి విడిగా ఫోన్ చేసి చెప్పండి. అది ఆయన ఎదుట చెప్పే మాట కాదు. మనవాళ్ల సిట్టింగుల్లో ఆ ఒక్క సిప్ బలవంతం ఎంత ఇబ్బంది పెడుతుందో మానేసినవాళ్లకే తెలుసు.

ఆయన వాటా ఎవరికివ్వాలో ఆయన్నే అడగండి. బహుశా ఒంగోలు వెళ్తున్నతనికే ఇస్తాడు. ఇంకోటి, తాగనివాడే అందరినీ దింపాలని ముందే అనుకోకండి. ఆయనకీ అది ఫ్రెండ్ వీడ్కోలే. క్యాబ్‌లు మాట్లాడుకోండి.

కృష్ణలంక

డాలస్ ఫ్రెండ్ సమస్యకి కొరావిన్ వాడొచ్చు కదా? సన్నటి సూదిని బిరడాలోంచి దించి, ఆర్గాన్ వాయువు పంపి, కార్క్ తీయకుండానే వైన్ బయటికి తీస్తారు. గ్రెగ్ లాంబ్రెక్ట్ అని వైద్య పరికరాలు తయారుచేసే ఆయన కనిపెట్టాడు, 2013 నుంచి మార్కెట్లో ఉంది. మీరు ఆరుగురు వాటాలు తీసుకుని ఏడో వాటా బాటిల్లోనే ఉంచేయండి. అతను వచ్చినప్పుడు తాగుతాడు.

గోదారిగట్టు

కృష్ణలంక తమ్ముడూ, కొరావిన్ మంచి పరికరమే. వయసులో ఉన్న వైన్‌కి నేనూ వాడతాను. ఈ బాటిల్‌కి వద్దంటాను. పాత బిరడా మెత్తబడి ఉంటుంది, సూది తీశాక ఆ రంధ్రం పూడుకుంటుందన్న నమ్మకం తక్కువ. పైగా కొరావిన్‌తో పోయాలంటే బాటిల్ వంచాలి, మళ్లీ నిలబెట్టాలి, మళ్లీ వంచాలి. అడుగున మడ్డి అంతా కలిసిపోతుంది. ఏడో వాటాగా అతనికి మిగిలేది బురద నీళ్లే.

నన్నడిగితే తేదీ మార్చండి. డాలస్ నుంచి శాన్‌హోసే మూడు నాలుగు గంటల విమానం. ఇన్నేళ్లు ఆగిన బాటిల్ ఇంకో రెండు వారాలు ఆగితే దానికేం కాదు.

ఇక తెరిచే పద్ధతి. రెండు రోజుల ముందు ఫ్రిజ్‌లోంచి తీసి నిలబెట్టండి. పక్కన పేరుకున్న మడ్డి మెల్లగా అడుక్కి దిగుతుంది. ఆ రోజు పైరేకు పూర్తిగా తీసేసి, మూతి తడిగుడ్డతో తుడవండి. బిరడా పైభాగాన నల్లగా బూజులా ఉన్నా కంగారుపడకండి, అది బయటి తేమ వల్ల వచ్చేదే. మామూలు స్క్రూ ఓపెనర్ పాత బిరడాని మధ్యలో తెంపేసే ప్రమాదం ఉంది. ఆ-సో అని రెండు పల్చటి రేకులున్న ఓపెనర్ దొరుకుతుంది. ఆ రేకుల్ని బిరడాకీ గాజుకీ మధ్య అటూ ఇటూ ఊపుతూ దించి, తిప్పుతూ పైకి లాగాలి. మొదటిసారి వాడేవాళ్లు ముందు చవక బాటిల్ మీద చేయి అలవాటు చేసుకోవడం మంచిది. తొందరపడితే బిరడా లోపలికే జారిపోతుంది.

తీశాక డికాంటర్‌లోకి, అంటే వెడల్పాటి గాజు కూజాలోకి, ఒకే ధారగా వంచండి, మధ్యలో ఆపి బాటిల్ నిలబెట్టకండి. బాటిల్ భుజం కింద ఫోన్ లైటు పెట్టుకోండి. మొదట నిర్మలంగా వస్తుంది. చివర్లో నల్లటి సన్నటి గీత ఒకటి మెడ వైపు పాకుతూ కనిపిస్తుంది. ఆ గీత మెడ దగ్గరికి రాగానే ఆపేయండి. అడుగున మిగిలిన రెండు గుక్కలూ వదిలేయాల్సిందే. వాటి మీద ఆశపడితే అందరి గ్లాసుల్లోనూ ఇసక తగులుతుంది.

డికాంటర్

ఎంతసేపు ముందు అన్నది చెప్పలేదు మీరు. నేను మూడు గంటలంటాను. మాంటె బెల్లో గట్టి వైన్, వెంటనే తెరుచుకోదు.

గోదారిగట్టు

పదేళ్లదైతే మూడు గంటలు సరే. ఇరవై దాటినదాన్ని డికాంటర్‌లో అంతసేపు ఉంచితే పై సువాసనలు ఎగిరిపోయే ప్రమాదం ఉంది. ఫ్రాన్స్‌లో పాత వైన్లు సేకరించే ఫ్రాంస్వా ఒడూజ్ అని ఒకాయన ఉన్నాడు. ఆయన పాత బాటిళ్లని డికాంటర్‌లో పోయడు. నాలుగైదు గంటల ముందు బిరడా మాత్రం తీసి బాటిల్ అలాగే ఉంచుతాడు. గాలి మూతి దగ్గర మాత్రమే తగులుతుంది కాబట్టి నెమ్మదిగా విచ్చుకుంటుందని ఆయన పద్ధతి. ఆయన తెరిచేవి మరీ పాతవి, మనదానికి అంత అక్కర్లేదు.

నా సలహా ఇది. అతిథులు రావడానికి గంట ముందు తెరిచి స్పూనెడు రుచి చూడండి. వగరు గట్టిగా పట్టి, వాసన మూసుకుపోయినట్టుంటే వెంటనే డికాంటర్‌లో పోసి గంట ఉంచండి. అప్పటికే సువాసన బాగుంటే పోసే ముందు మడ్డి కోసం మాత్రం వంచండి. గంటల లెక్క పుస్తకంలో ఉండదు, ఆ స్పూను మీద ఉంటుంది.

స్పూనులో ఇంకోటి కూడా చూడాలి. తడిసిన అట్టపెట్టె వాసన, వానాకాలం గోనెసంచి వాసన వస్తే కార్క్ చెడిందని అర్థం. టీసీఏ అనే రసాయనం అది, లీటరులో కొన్ని నానోగ్రాములున్నా ముక్కుకి తెలిసిపోతుంది. ఒంటికి హాని లేదు గానీ వైన్ చచ్చిపోతుంది. ఎంతసేపు గాలి తగిలినా బాగుపడదు. అలా జరిగితే ఆ సాయంత్రం చప్పబడకుండా ఇంకో మంచి బాటిల్ పక్కన సిద్ధంగా పెట్టుకోండి.

పెన్నాతీరం

తిండి సంగతి నాకు వదిలేయండి.

మంచింగ్‌కి మిర్చి బజ్జీ, చికెన్ 65 ఆ గంటసేపు వద్దు. కారం తిన్న నోటికి ఆల్కహాల్ మంటగా తగులుతుంది, వగరు రెండింతలవుతుంది. గోంగూర మటన్ మా ఇంట్లో పండగ వంట, అయినా ఈ వైన్ పక్కన పెట్టను. గోంగూర పులుపు ముందు వైన్ పులుపు చప్పబడి నీళ్లలా ఉంటుంది.

టానిన్, అంటే వగరు, ఉన్న వైన్‌కి కొవ్వు, మాంసం, ఉప్పు మంచి తోడు. లేత మటన్ ముక్కలు ఎముకతో సహా తెచ్చుకోండి. అల్లం వెల్లుల్లి కొంచెం, ఉప్పు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు పట్టించి కుక్కర్లో ముప్పావు వంతు ఉడికించండి. ఆ తర్వాత ఇనప మూకుడులో నెయ్యి వేసి, ఆ రసం ఇగిరి ముక్క అంచులు కరకరలాడేదాకా వేయించండి. ఎండుమిర్చి వద్దు, నిమ్మకాయ వద్దు, చివర్లో కరివేపాకు రెండు రెబ్బలు చాలు. మిరియం ఘాటు ఈ వైన్‌కి సరిపోతుంది.

శాకాహారులుంటే పుట్టగొడుగులు అదే పద్ధతిలో నెయ్యిలో ఎర్రగా వేయించండి. ఏడాదికి పైగా నిలవున్న చెడ్డార్ చీజ్ ముక్కలు, ఉప్పు లేని బాదం పక్కన పెట్టండి. బాటిల్ అయిపోయాక బిర్యానీ తెప్పించుకోండి, మీ ఇష్టం.

హిమాయత్‌నగర్

చర్చ మధ్యలో అడుగుతున్నందుకు క్షమించాలి. మా అన్నయ్య బోర్డో నుంచి తెచ్చిన బాటిల్ ఒకటి హైదరాబాద్‌లో మా ఇంటి బీరువాలో మూడు వేసవులుగా ఉంది. స్నేహితులతో తెరవాలని ఉంది. బాగుంటుందా?

గోదారిగట్టు

నిలబెట్టి వెలుతురులో చూడండి. బిరడా మూతికంటే పైకి ఉబ్బిందా, రేకు కింద జిగురుగా కారిన మరక ఉందా, వైన్ మట్టం మెడ దాటి భుజం దాకా దిగిందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వేడి తగిలినట్టే. వాసన ఉడికిన రేగిపళ్ల జామ్‌లా ఉంటుంది. ఏదీ లేకపోతే ఆశ ఉంది, కానీ ఇంకో ఏప్రిల్, మేలకి బీరువాలో వదలకండి. వైన్ ఫ్రిజ్ లేకపోతే మామూలు ఫ్రిజ్‌లో కూరగాయల అర మీద పడుకోబెట్టండి. నలభై డిగ్రీల గదికంటే అది వెయ్యి రెట్లు నయం. ఎక్కువ కాలం దాచకుండా త్వరలో తెరిచేయండి.

స్టీవెన్స్‌క్రీక్

అందరికీ ధన్యవాదాలు. తేదీ మార్చాం. గోదారిగట్టు గారి మాట డాలస్ అతనికి చదివి వినిపిస్తే ఆ ఫోన్‌లోనే టికెట్ బుక్ చేశాడు. పాలకొల్లు గారు చెప్పినట్టు మిగతావాళ్లకి విడివిడిగా ఫోన్ చేశాను. ఆ-సో తెప్పించాను. కుటుంబాలు భోజనాల టైముకి వస్తాయి, మొదటి రెండు గంటలూ మేం ఏడుగురమే.

నిర్వాహకులు

బాటిల్ ధరలు, అమ్మకం గురించి అడుగుతూ వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. కాలిఫోర్నియాలో రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.08 శాతమని, అంతకు తక్కువైనా మైకం కనిపిస్తే కేసు పెట్టొచ్చని గుర్తుచేస్తున్నాం. చర్చ కొనసాగించండి.

స్టీవెన్స్‌క్రీక్

నిన్న సాయంత్రం తెరిచాం. వివరంగా చెప్తాను.

రెండు రోజులు వంటింటి గట్టు మీద నిలబెట్టాను. బిరడా ఆ-సోతో ముక్కలు కాకుండా వచ్చింది. అడుగు భాగం ముదురు ఊదా, దాని చుట్టూ మూడో వంతు ఎత్తు దాకా రంగు పాకింది, ఆ పైన శుభ్రంగా లేత గోధుమ రంగే. గోదారిగట్టు గారి స్పూను పరీక్ష చేశాను. అట్టపెట్టె వాసన లేదు. మొదట పెన్సిల్ చెక్కిన పొట్టు వాసన, వెనక నల్లద్రాక్ష. వగరు ఇంకా గట్టిగానే ఉంది. అందుకని డికాంటర్‌లో పోసి ముప్పావు గంట ఉంచాను. నల్లటి గీత కనిపించగానే ఆపాను, అడుగున రెండు వేళ్ల మందం మిగిలింది.

గ్లాసులో రంగు నడిమధ్య చిక్కటి ఎరుపు, అంచుల్లో ఇటుక రంగు. పోసే పని ఒంగోలు వెళ్తున్నతనికి ఇచ్చాం. మందు మానేసినతను కొలత చూసే పని తానే తీసుకున్నాడు. మొదటి గ్లాసుకి గీత చెప్పి, మిగతా గ్లాసులన్నీ దాని పక్కన పెట్టి సరిచూశాడు. తన వాటా మాత్రం డాలస్ నుంచి వచ్చినతనికి ఇచ్చాడు. పాలకొల్లు గారి అంచనా తప్పింది గానీ, 'టికెట్ ఖర్చు వాడిదే కదా' అన్నప్పుడు అందరం ఒప్పుకున్నాం.

డికాంటర్ గారూ, ఇది మీకోసం. మా ఏడుగురిలో ఒకతనిది కందుకూరు వైపు. విస్కీ తప్ప ఏదీ ముట్టడు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత 'ఇది మా పొగాకు బ్యారన్ రా' అన్నాడు. వాళ్ల నాన్నగారు వర్జీనియా పొగాకు వేసేవారట. ఆకు కర్రలకి కట్టి బ్యారన్‌లోకి, అంటే ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టులోకి, ఎక్కించడం, రాత్రుళ్లు పొయ్యి దగ్గర కాపలా కాస్తూ వేడి చూసుకోవడం, ఆకు రంగు తిరిగాక తలుపు తీస్తే మొహానికి కొట్టే ఆ తీపి వాసన, అన్నీ వరసగా చెప్పాడు. ఇన్నేళ్ల స్నేహంలో వాళ్ల నాన్నగారి గురించి అంతసేపు మాట్లాడటం మేం ఎప్పుడూ వినలేదు. ఆయన పోయి చాలాకాలమైంది.

అతను చెప్పాక మా అందరికీ ఆ పొగాకు వాసన తెలిసింది. అప్పటిదాకా నాకు తట్టలేదు. గ్లాసు పూర్తి చేయడానికి అతనికి గంట పైనే పట్టింది. చివరికి వచ్చేసరికి వగరు పూర్తిగా మెత్తబడి, నాలుక మీద ఎండు ఖర్జూరం లాంటి తీపి మిగిలింది. మటన్ వేపుడు పళ్లెం మాత్రం మొదటి ఇరవై నిమిషాల్లోనే ఖాళీ. పెన్నాతీరం గారికి ఏడుగురి తరఫునా నమస్కారాలు.

పెన్నాతీరం

చదువుతుంటే గొంతు పట్టేసింది. కందుకూరు ఆయనకి నా నమస్కారం చెప్పండి. మా మేనమామలదీ పొగాకు సేద్యమే, ఆ కాపలా రాత్రులు నాకూ తెలుసు.

డికాంటర్

పాత కాబర్నేలో పొగాకు ఆకు వాసన రావడం సహజం. పుస్తకాల్లో చదివాను, నా గ్లాసులో కూడా చాలాసార్లు పట్టుకున్నాను. పొగాకు బ్యారన్ ఎప్పుడూ చూడలేదు. ఆయన పట్టుకున్నది నేను పట్టుకున్నదానికంటే పెద్దది. తక్కువమంది ఉంటేనే వైన్ బాగా తెలుస్తుందన్న మాట మీద ఇప్పటికీ ఉన్నాను. కానీ ఈ బాటిల్ ఏడుగురికి పంచడమే సరైనది. ఒక ప్రశ్న. అమెరికన్ ఓక్ చెక్క వాసన తెలిసిందా? మాంటె బెల్లో వాళ్లు ఫ్రెంచ్ ఓక్ కంటే అమెరికన్ ఓక్ పీపాలే ఎక్కువ వాడతారు, వయసులో ఉన్నప్పుడు కొబ్బరి వాసనగా పైకి తేలుతుంది.

స్టీవెన్స్‌క్రీక్

కొబ్బరి లేదండీ. పీపా వాసన విడిగా ఏదీ తెలియలేదు, దేవదారు పెట్టె తెరిచినట్టు పల్చగా ఒకటుంది, అదీ చివర్లో. వయసు మీద లోపల కలిసిపోయినట్టుంది.

ఇప్పుడు కొత్త సందేహం. నిన్న రాత్రే మళ్లీ తలా కొంత వేసుకున్నాం. ఈసారి బాటిల్ ఒంగోల్లో ఉంటుంది, మేం ఆరుగురం వెళ్లినప్పుడు తెరవాలి. అతను లగేజీలో తీసుకెళ్లొచ్చా? అక్కడి వేడికి ఎలా దాచాలి?

కృష్ణలంక

తీసుకెళ్లొచ్చు. ఇండియాకి ఒక్కొక్కరు 2 లీటర్ల దాకా మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే మామూలు బాటిళ్లు రెండు. చెకిన్ బ్యాగులోనే పెట్టాలి. 24 శాతం లోపు ఆల్కహాల్ ఉన్నవాటికి అమెరికా విమానయాన నిబంధనల్లో పరిమాణం హద్దు లేదు. గాలి నింపే ప్లాస్టిక్ తొడుగులు దొరుకుతాయి, అందులో పెట్టి బట్టల మధ్యలో సర్దమనండి.

హిమాయత్‌నగర్

నాదొక సలహా. అక్కడి నుంచి మోసుకురావడం ఎందుకు? హంపి దగ్గరి కొండల్లో క్రస్మా ఎస్టేట్స్ అని ఉంది. గ్రాన్యూల్స్ ఇండియా అనే ఔషధాల కంపెనీ నడిపే చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులది, మన హైదరాబాద్ వాళ్లే. వాళ్ల కాబర్నే సావిన్యోన్ నేను తాగాను, నాకు చాలా నచ్చింది. సిలికాన్ వ్యాలీలో ఉన్నప్పుడు ఆ కొండ మీది వైన్ తాగారు, ఇక్కడికి వచ్చాక ఈ కొండ మీదిది తాగండి.

అన్నట్టు మా బోర్డో బాటిల్ బిరడా ఉబ్బలేదు, మరక లేదు. పోయిన ఆదివారం ఐదుగురం తెరిచాం. కొంచెం అలిసిపోయినట్టుంది కానీ బతికే ఉంది. చుక్క మిగల్లేదు.

గోదారిగట్టు

సంతోషం. ఒంగోలుకి హిమాయత్‌నగర్ గారి సలహా బాగుంది. రెండూ ఒక్కొక్కటి పెట్టుకోమనండి, పోల్చి చూసుకోవచ్చు.

దాచడానికి పన్నెండు బాటిళ్ల చిన్న వైన్ ఫ్రిజ్ కొనుక్కోమనండి. కరెంటు పోయినా తలుపు తీయకపోతే రెండు మూడు గంటలు లోపల చల్లదనం నిలుస్తుంది, దానికి భయం లేదు. ఇన్వర్టర్‌కి కలిపితే ఇంకా మంచిది. ఎండ పడే గోడకి ఆనించకుండా, వెనక జానెడు ఖాళీ వదిలి పెట్టాలి. ఉష్ణోగ్రత 14 దగ్గర పెట్టి ఇక ముట్టుకోవద్దు. విమానం దిగిన బాటిల్‌ని వెంటనే తెరవకుండా రెండు వారాలైనా కదల్చకుండా పడుకోబెట్టాలి.

స్టీవెన్స్‌క్రీక్

ఇదంతా అతనికి పంపించాను. ఫ్రిజ్ కొంటున్నాడు. క్రస్మా బాటిల్ హైదరాబాద్‌లో దిగాక చూస్తానన్నాడు. ఇక్కడి నుంచి తీసుకెళ్లేది మాత్రం మాంటె బెల్లోనే కావాలట. వచ్చే శనివారం ఏడుగురం కొండమీదికి వెళ్తున్నాం.